సీటీ స్కాన్ నార్మల్ వచ్చిందా?.. అయినా స్ట్రోక్ లేదని కాదు! పక్షవాతంలో డాక్టర్లు ఆ స్కాన్‌లో అసలు వెతికేది ఇదే

మూతి ఒక పక్కకు వంకర పోయింది. కుడి చెయ్యి లేవట్లేదు. మాట ముద్దముద్దగా వస్తోంది. ఇంట్లోవాళ్లు కంగారుపడి ఆస్పత్రికి తీసుకెళ్లారు. సీటీ స్కాన్ తీశారు. రిపోర్టులో ‘నార్మల్’ అని ఉంది. హమ్మయ్య.. ఏం కాలేదట, కాస్త రెస్ట్ తీసుకుంటే సర్దుకుంటుందిలే అనుకున్నారు.

సరిగ్గా ఈ ‘హమ్మయ్య’ దగ్గరే ప్రమాదం ఉంది. పక్షవాతం వచ్చిన తొలి గంటల్లో తీసిన సీటీ నార్మల్‌గా కనిపించడం చాలా మామూలు విషయం. ఇంకా చెప్పాలంటే.. చెయ్యి పడిపోయిన మనిషికి సీటీ శుభ్రంగా ఉందంటే డాక్టర్‌కు అది పరుగెత్తాల్సిన టైమ్. పేషెంట్‌ను ఇంటికి పంపే టైమ్ కానే కాదు.

అదేంటి.. స్కాన్‌లో ఏమీ లేకపోతే పరుగెత్తడం దేనికి? అది అర్థం కావాలంటే ఆ స్కాన్ ఎందుకు తీస్తారో ముందు తెలియాలి.

పైకి ఒకేలా ఉంటాయి.. వైద్యం మాత్రం పూర్తిగా ఉల్టా

మనం పక్షవాతం అని ఒకే మాటతో పిలిచేదాని వెనక రెండు వేర్వేరు జబ్బులు ఉంటాయి. మెదడుకు వెళ్లే రక్తనాళంలో గడ్డ అడ్డుపడి రక్తం ఆగిపోవడం మొదటిది. దీన్నే ఇస్కీమిక్ స్ట్రోక్ అంటారు. ఎక్కువ మందికి వచ్చేది ఇదే. రెండోది రక్తనాళం చిట్లి మెదడులోకి రక్తం కారడం. దీన్ని హెమరేజిక్ స్ట్రోక్ అంటారు.

చిక్కు ఏంటంటే.. ఎంత అనుభవం ఉన్న డాక్టరైనా మనిషిని చూసి ఇది గడ్డా, రక్తస్రావమా అని కచ్చితంగా చెప్పలేరు. రెండింట్లోనూ చెయ్యి పడిపోతుంది, మూతి వంకర పోతుంది, మాట పోతుంది. వైద్యం మాత్రం ఒకదానికొకటి పూర్తి విరుద్ధం. గడ్డ అయితే దాన్ని కరిగించే ఇంజెక్షన్ ఇవ్వాలి. అదే ఇంజెక్షన్‌ను రక్తస్రావం అవుతున్న మనిషికి ఇస్తే ప్రాణమే పోవచ్చు.

అందుకే సీటీ. ఎక్స్‌రే కిరణాలను తల చుట్టూ తిప్పి, లోపలి భాగాల సాంద్రతను లెక్కగట్టి బొమ్మగా మార్చే మెషీన్ ఇది. దీన్ని కనిపెట్టిన బ్రిటిష్ ఇంజినీర్ గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ పేరుతోనే ఆ సాంద్రతను కొలుస్తారు. ఆ లెక్కలో నీళ్లు సున్నా, గాలి మైనస్ 1000. తాజాగా కారిన రక్తం సాంద్రత మెదడు కణజాలం కన్నా ఎక్కువ కాబట్టి స్కాన్‌లో తెల్లగా, స్పష్టంగా కనిపిస్తుంది. మొదటి పేషెంట్‌కు ఈ స్కాన్ తీసింది 1971లో, లండన్ శివారు వింబుల్డన్‌లోని అట్కిన్సన్ మోర్లే ఆస్పత్రిలో. హౌన్స్‌ఫీల్డ్‌కు 1979లో నోబెల్ కూడా వచ్చింది. అంతకు ముందు మనిషి బతికి ఉండగా ఈ తేడాను ఇంత తేలిగ్గా పట్టుకునే దారి డాక్టర్లకు లేదు.

అంటే స్ట్రోక్ పేషెంట్‌కు తీసే మొదటి సీటీ అడిగే ప్రశ్న ‘స్ట్రోక్ వచ్చిందా, లేదా?’ అని కాదు. ‘రక్తం కారిందా, లేదా?’ అని. స్ట్రోక్ వచ్చిందన్న సంగతి ఆ పడిపోయిన చెయ్యే చెబుతోంది కదా! స్కాన్‌లో తెల్ల మచ్చ లేదంటే రక్తస్రావం లేదు, ఇక గడ్డ అయ్యే అవకాశమే ఎక్కువ, మందు ఇచ్చే దారి తెరుచుకుంది అని అర్థం. రిపోర్టులో ‘నార్మల్’ అనే మాట వెనక ఉన్న కథ ఇదీ.

మరి దెబ్బతిన్న భాగం సీటీలో ఎందుకు కనపడదు?

సీటీ చూసేది సాంద్రతనే అని చెప్పుకున్నాం. రక్తం ఆగిపోయిన భాగంలోకి నీరు చేరి ఉబ్బడానికి కొన్ని గంటలు పడుతుంది. తొలి గంటల్లో పాడవుతున్న భాగానికి, బాగున్న భాగానికి సాంద్రతలో తేడా చాలా స్వల్పం. కంటికి ఆనదు. అదే పేషెంట్‌కు మర్నాడు మళ్లీ సీటీ తీస్తే ఆ భాగం నల్లగా, ఎవరికైనా తెలిసేలా కనిపిస్తుంది. కానీ అప్పటికి చేయగలిగింది పెద్దగా మిగలదు.

అనుభవం ఉన్న రేడియాలజిస్టులు మాత్రం తొలి స్కాన్‌లోనే చిన్న చిన్న ఆనవాళ్లు పట్టేస్తారు. గడ్డ ఇరుక్కున్న రక్తనాళం ఒక్కోసారి తెల్లటి దారప్పోగులా మెరుస్తుంది. మెదడు పైపొరకు, లోపలి తెల్ల భాగానికి మధ్య ఉండే గీత చెరిగిపోయినట్టు అవుతుంది. దీనికి పది మార్కుల పద్ధతి కూడా ఉంది. దాని పేరు ‘యాస్పెక్ట్స్’. కెనడాలోని ఆల్బర్టాలో తయారైంది. మెదడులో ఒక పక్క ప్రధాన రక్తనాళం పరిధిని పది భాగాలు చేసి, దెబ్బతిన్న ప్రతి భాగానికి ఒక మార్కు కోస్తారు. పదికి పది ఉంటే నష్టం ఇంకా కనపడట్లేదని, మార్కులు తగ్గేకొద్దీ ఎక్కువ మెదడు దెబ్బతిందని లెక్క.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. తల వెనక భాగంలో పుర్రె ఎముక దట్టంగా ఉంటుంది కాబట్టి అక్కడి మెదడు సీటీలో సరిగా కనపడదు. ఆ భాగంలో స్ట్రోక్ వస్తే చెయ్యి పడిపోకపోవచ్చు. ఉన్నట్టుండి కళ్లు తిరగడం, ఒకటి రెండుగా కనిపించడం, తూలిపోవడం, వాంతులు.. ఇలా మొదలవుతుంది. గ్యాస్ అనో, బీపీ అనో, ఎండదెబ్బ అనో కొట్టిపారేసే కేసులు ఇవే. వీళ్లకు సీటీ నార్మల్ అన్న మాట మరీ నమ్మదగింది కాదు.

ఎంఆర్ఐ అయితే వెంటనే తెలుస్తుందట కదా?

తెలుస్తుంది. ఎంఆర్ఐలో ‘డిఫ్యూజన్’ అనే పద్ధతి ఉంది. అది మెదడులో నీటి అణువుల కదలికను చూస్తుంది. రక్తం అందక కణాలకు శక్తి ఆగిపోగానే లోపలి పంపులు పనిచేయడం మానేస్తాయి. నీరు కణాల్లోకి చేరి అక్కడే ఇరుక్కుపోతుంది. కదలిక తగ్గిన ఆ చోటు బొమ్మలో బల్బులా వెలుగుతుంది. స్ట్రోక్ వచ్చిన కొన్ని నిమిషాలకే ఇది మొదలవుతుంది.

మరి అందరికీ నేరుగా ఎంఆర్ఐ తీయొచ్చు కదా అంటే.. సీటీకి పట్టేది కొద్ది నిమిషాలు. ఎంఆర్ఐకి అంతకన్నా ఎక్కువ టైమ్ పడుతుంది, పేషెంట్ కదలకుండా పడుకోవాలి, గుండెకు పేస్‌మేకర్ ఉంటే ముందు అది ఏ రకమో చూసుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, అర్ధరాత్రి రెండు గంటలకు నడిచే ఎంఆర్ఐ మీ ఊరికి ఎంత దూరంలో ఉందో ఒకసారి ఆలోచించండి. దగ్గర్లో సీటీ ఉన్న ఆస్పత్రిని వదిలేసి, ఎంఆర్ఐ ఉంది కదా అని ఇంకో 60 కిలోమీటర్లు వెళ్లడం లాభం కన్నా నష్టమే ఎక్కువ చేస్తుంది.

నిమిషానికి 19 లక్షల కణాలు

మన శరీరం బరువులో మెదడు వాటా దాదాపు 2 శాతమే. కానీ పీల్చే ఆక్సిజన్‌లో దాదాపు 20 శాతం దానికే కావాలి. దాచుకునే అలవాటు లేని అవయవం అది. రక్తం ఆగిన మరుక్షణం నుంచి ఆకలితో అలమటిస్తుంది. అమెరికా న్యూరాలజిస్ట్ జెఫ్రీ సేవర్ 2006లో ఒక లెక్క వేశారు. మెదడులోని పెద్ద రక్తనాళం మూసుకుపోతే వైద్యం అందని ప్రతి నిమిషానికి సగటున 19 లక్షల నాడీకణాలు చనిపోతాయట.

అయితే ఇందులో ఒక ఆశ ఉంది. గడ్డ అడ్డుపడిన భాగమంతా ఒకేసారి చచ్చిపోదు. మధ్యలో కొంత భాగం త్వరగా పోతుంది. దాన్ని కోర్ అంటారు. దాని చుట్టూ ఉన్న భాగానికి పక్క రక్తనాళాల నుంచి కొద్దో గొప్పో రక్తం అందుతూ ఉంటుంది. అది పనిచేయడం మానేస్తుంది గానీ, ఇంకా చావదు. గ్రహణం పట్టినప్పుడు కటిక నీడ చుట్టూ పలచని నీడ పడుతుంది కదా.. దాన్నే ఇంగ్లిష్‌లో పెనుంబ్రా అంటారు. మెదడులోని ఈ భాగానికీ అదే పేరు పెట్టారు. స్ట్రోక్ వైద్యమంతా ఈ పలచని నీడ కోసమే. రక్తం తిరిగి వెళ్తే ఆ భాగం కోలుకుంటుంది. ఆలస్యమైతే కోర్ పెరిగి దాన్ని మింగేస్తుంది.

గడ్డ కరిగించే ఇంజెక్షన్.. టైమ్ దాటితే ఎందుకివ్వరు?

1995లో అమెరికాలో 624 మంది మీద చేసిన ఎన్‌ఐఎన్‌డీఎస్ ట్రయల్ స్ట్రోక్ వైద్యాన్ని మార్చేసింది. లక్షణాలు మొదలైన 3 గంటల్లోపు ఆల్టిప్లేస్ అనే మందు ఇస్తే, మూడు నెలల తర్వాత వైకల్యం లేకుండానో, చాలా తక్కువ వైకల్యంతోనో బయటపడే అవకాశం కనీసం 30 శాతం పెరుగుతుందని తేలింది. 2008లో యూరప్‌లో జరిగిన ట్రయల్ ఆ గడువును నాలుగున్నర గంటలకు పెంచింది. ఇప్పుడు టెనెక్టిప్లేస్ అనే మందు కూడా వాడుతున్నారు. ఆల్టిప్లేస్‌ను గంటపాటు సెలైన్‌లా ఎక్కించాలి. టెనెక్టిప్లేస్ అయితే ఒక్క ఇంజెక్షన్‌తో అయిపోతుంది. అమెరికా ఎఫ్‌డీఏ స్ట్రోక్‌కు దీన్ని 2025 మార్చిలో ఓకే చేసింది గానీ, మన దేశంలో అంతకు ముందు నుంచే వాడుతున్నారు.

ఈ మందుకు రిస్క్ లేదా? ఉంది. దాచాల్సిన పనిలేదు. 1995 ట్రయల్‌లోనే మందు తీసుకున్నవాళ్లలో 6.4 శాతం మందికి మెదడులో తీవ్రమైన రక్తస్రావం అయింది. తీసుకోనివాళ్లలో అది 0.6 శాతమే. టైమ్ గడిచేకొద్దీ కాపాడుకోవాల్సిన మెదడు తగ్గిపోతుంది, చచ్చిన భాగంలో రక్తం కారే ప్రమాదం పెరుగుతుంది. అందుకే గడువు దాటాక మామూలుగా ఇవ్వరు. ‘డబ్బులు ఎంతైనా కడతాం, ఆ ఇంజెక్షన్ ఇవ్వండి’ అని బతిమాలినా డాక్టర్లు ఒప్పుకోకపోవడానికి కారణం ఇదే.

మందు ఇచ్చే ముందు షుగర్ చూస్తారు. షుగర్ బాగా పడిపోయినా అచ్చం పక్షవాతంలాగే చెయ్యి కాలు పడిపోవచ్చు. అలాంటప్పుడు కావాల్సింది గ్లూకోజ్! బీపీ 185/110 కన్నా ఎక్కువుంటే ముందు దాన్ని తగ్గిస్తారు. రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారా అని కచ్చితంగా అడుగుతారు. అందుకే పేషెంట్ మాత్రల స్ట్రిప్పులన్నీ ఒక కవర్లో వేసుకుని వెళ్లడం ఎంతో మంచిది. ‘తెల్ల మాత్ర, పొద్దున ఒకటి వేసుకుంటారు’ అంటే డాక్టర్ ఏం చేస్తారు పాపం!

ఇక్కడ ఫిన్లాండ్ కథ ఒకటి చెప్పుకోవాలి. హెల్సింకి యూనివర్సిటీ ఆస్పత్రిలో 1998లో పేషెంట్ గుమ్మంలోకి వచ్చాక ఇంజెక్షన్ పడటానికి 105 నిమిషాలు పట్టేది. 2011కి దాన్ని 20 నిమిషాలకు తెచ్చారు. అంబులెన్స్ దారిలో ఉండగానే ఆస్పత్రికి ఫోన్ వచ్చేది, పేషెంట్ వివరాలన్నీ ముందే తీసి పెట్టుకునేవాళ్లు. వచ్చిన స్ట్రెచర్‌ను క్యాజువాలిటీలో ఆపకుండా నేరుగా సీటీ రూమ్‌కు తోసుకెళ్లి, రక్తస్రావం లేదని చూసిన వెంటనే ఆ సీటీ టేబుల్ మీదే మందు ఎక్కించేవాళ్లు. మన దగ్గర ఓపీ చీటీ, అడ్వాన్స్ బిల్లు, లిఫ్ట్ దగ్గర వెయిటింగ్‌లో పోయే టైమ్ ఎంతో మీకే తెలుసు.

పెద్ద గడ్డ అయితే.. తీగతో లాగేస్తారు

మెదడుకు వెళ్లే పెద్ద రక్తనాళంలోనే గడ్డ ఇరుక్కుంటే ఇంజెక్షన్ ఒక్కటే చాలకపోవచ్చు. అందుకే మొదటి సీటీ అవ్వగానే, అదే టేబుల్ మీద, చేతి నరం ద్వారా కాంట్రాస్ట్ మందు ఎక్కించి మరో స్కాన్ తీస్తారు. ఇది సీటీ యాంజియోగ్రామ్. మెడ నుంచి మెదడు వరకు రక్తనాళాలన్నీ చెట్టు కొమ్మల్లా కనిపిస్తాయి. ఒక కొమ్మ మధ్యలో టక్కున తెగిపోయినట్టు ఉంటే గడ్డ అక్కడే ఉన్నట్టు.

అప్పుడు క్యాథ్‌ల్యాబ్‌కు తీసుకెళ్తారు. గజ్జ దగ్గరో, మణికట్టు దగ్గరో రక్తనాళంలోకి సన్నటి గొట్టం పంపి మెదడు వరకు తీసుకెళ్తారు. వలలాంటి స్టెంట్‌ను గడ్డలో విప్పి దాంతోపాటు బయటికి లాగుతారు. లేదంటే గొట్టంతో పీల్చేస్తారు. దీని పేరు థ్రాంబెక్టమీ. తల కోయడం, పుర్రె తెరవడం ఏమీ ఉండదు. నెదర్లాండ్స్‌లో 500 మంది మీద చేసిన మిస్టర్ క్లీన్ ట్రయల్‌తో మొదలుపెట్టి, 2015లో వరుసగా ఐదు ట్రయల్స్ ఇది బాగా పనిచేస్తుందని తేల్చాయి. మన దగ్గర మాత్రం హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం లాంటి నగరాల్లోని పెద్ద ఆస్పత్రులకే వెళ్లాలి. ఖర్చు లక్షల్లో ఉంటుంది.

ఇప్పుడు రీల్స్‌లో తిరుగుతున్న ఒక మాట గురించి. ‘స్ట్రోక్ వచ్చినా కంగారొద్దు, 24 గంటల టైమ్ ఉంది’ అని. ఇది సగం నిజం, అందుకే ఎక్కువ డేంజర్. 24 గంటల లెక్క 2018లో వచ్చిన డాన్ ట్రయల్ నుంచి వచ్చింది. 6 నుంచి 24 గంటల మధ్య వచ్చిన 206 మందిని తీసుకున్నారు. గడ్డ లాగించుకున్నవాళ్లలో 49 శాతం మంది మూడు నెలలకు తమ పనులు తాము చేసుకోగలిగారు. మామూలు వైద్యం అందినవాళ్లలో అది 13 శాతమే. అద్భుతమైన ఫలితమే. కానీ వాళ్లను ఏరిందెలా? స్కాన్ చూసి. పెద్ద రక్తనాళం మూసుకుపోయినా, కోర్ ఇంకా చిన్నగానే ఉన్నవాళ్లను మాత్రమే తీసుకున్నారు. అంటే పక్క రక్తనాళాలు అదృష్టవశాత్తు ఆదుకున్నవాళ్లు.

దీన్ని చూపించే పద్ధతుల్లో సీటీ పర్‌ఫ్యూజన్ ఒకటి. రక్తం ఏ భాగానికి ఎంత ఆలస్యంగా చేరుతోందో కంప్యూటర్ రంగుల మ్యాప్ గీస్తుంది. పోయిన భాగం ఒక రంగు, ఇంకా కాపాడగలిగే భాగం మరో రంగు. రెండూ ఒకే సైజులో ఉంటే లాగినా పెద్దగా లాభం ఉండదు. తేడా ఎక్కువుంటే ఇంకా ఛాన్స్ ఉన్నట్టే. మీ ఇంట్లో మనిషి ఏ కోవలోకి వస్తారో స్కాన్ చెప్పాలి తప్ప గడియారం చెప్పదు. కొందరికి రెండు గంటల్లోనే అంతా అయిపోతుంది.

నిద్రలో వస్తే టైమ్ ఎలా లెక్కేస్తారు?

రాత్రి 10 గంటలకు మామూలుగా పడుకున్నారు. పొద్దున 6కి లేచేసరికి చెయ్యి పడిపోయింది. స్ట్రోక్ ఎప్పుడు వచ్చినట్టు? డాక్టర్లు మొదట రాత్రి 10 నుంచే లెక్కేస్తారు. ‘ఆయన బాగుండగా ఆఖరిసారి ఎప్పుడు చూశారమ్మా?’ అని పదేపదే అడిగేది అందుకే. ‘పొద్దున చూశాం డాక్టర్ గారూ’ అనే జవాబు వాళ్లను తప్పుదారి పట్టిస్తుంది. రాత్రి 3కి లేచి బాత్‌రూమ్‌కు మామూలుగా నడిచి వెళ్లారా? ఆ ఒక్క ముక్క చెబితే చాలు, ఐదు గంటలు కలిసొస్తాయి.

అది కూడా తెలియకపోతే ఎంఆర్ఐ ఉపయోగపడుతుంది. డిఫ్యూజన్ బొమ్మ నిమిషాల్లో మారుతుందని చెప్పుకున్నాం కదా. ‘ఫ్లేర్’ అనే ఇంకో రకం బొమ్మలో మార్పు రావడానికి కొన్ని గంటలు పడుతుంది. మొదటిదాంట్లో మచ్చ ఉండి రెండోదాంట్లో లేకపోతే, స్ట్రోక్ వచ్చి బహుశా నాలుగున్నర గంటలు దాటలేదని అంచనా. ఇలా ఏరిన పేషెంట్లకు ఇంజెక్షన్ ఇస్తే లాభం ఉందని 2018లో యూరప్‌లో జరిగిన వేక్-అప్ ట్రయల్ నిరూపించింది.

ఫోన్ చేసేటప్పుడు అడగాల్సిన ప్రశ్న

108కి ఫోన్ చేయండి. దగ్గర్లోని ఆస్పత్రికి అని కాకుండా ‘సీటీ స్కాన్ ఇప్పుడు నడుస్తోందా, స్ట్రోక్ ఇంజెక్షన్ ఇస్తారా?’ అని అడిగి తెలుసుకుని అక్కడికి వెళ్లండి. సీటీ లేని క్లినిక్‌లో సెలైన్ పెట్టించుకుని గంట గడిపితే ఆ గంట తిరిగి రాదు. పదివేళ్లకు సూదితో గుచ్చి రక్తం తీయమనే వాట్సాప్ మెసేజ్, పావురం రక్తం రాయించడం.. వీటి వల్ల గడ్డ కరగదు. మింగడం సరిగా రాని మనిషికి నీళ్లో, కాఫీయో తాగిస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఇంట్లో ఉంది కదా అని ఆస్పిరిన్ కూడా వేయొద్దు. అది గడ్డా, రక్తస్రావమా స్కాన్ ఇంకా చెప్పలేదు కదా!

అరగంటలో మూతి మామూలైపోయి, చెయ్యి లేచినా సరే వెళ్లాల్సిందే. దాన్ని టీఐఏ అంటారు. గడ్డ తాత్కాలికంగా అడ్డుపడి జరిగిపోయిందన్నమాట. అసలు స్ట్రోక్ వచ్చే ముప్పు ఆ తర్వాతి రెండు రోజుల్లోనే ఎక్కువ.

పేషెంట్‌ను స్కాన్ దగ్గరకు తీసుకెళ్లడం కష్టమైతే, స్కాన్‌నే పేషెంట్ దగ్గరకు పంపే ప్రయత్నాలూ జరుగుతున్నాయి. అంబులెన్స్‌లోనే సీటీ మెషీన్ పెట్టిన మొబైల్ స్ట్రోక్ యూనిట్లు జర్మనీలో మొదలయ్యాయి. మన దేశంలో ఐసీఎంఆర్ అస్సాంలో నడిపింది. స్కాన్ బండిలోనే తీసి, దూరాన ఉన్న డాక్టర్‌తో మాట్లాడి, ఇంజెక్షన్ అక్కడికక్కడే ఇస్తారు.

ఇంజెక్షన్ పడిన 24 గంటలకు మళ్లీ ఒక సీటీ తీస్తారు. ఈసారి కూడా మొదటి ప్రశ్నే.. రక్తం కారిందా, లేదా? లేదని తేలాకే ఆస్పిరిన్ లాంటి మాత్రలు మొదలుపెడతారు. గడ్డ ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవడానికి మెడ రక్తనాళాలకు డాప్లర్, గుండెకు ఈసీజీ, ఎకో చేస్తారు. గుండె లయ తప్పడం వల్ల అక్కడ తయారైన గడ్డ అయితే మాత్రలు వేరు, మెడ రక్తనాళంలో కొవ్వు పేరుకుని వచ్చినదైతే వైద్యం వేరు. ఫిజియోథెరపీ మాత్రం చాలామందికి ఆస్పత్రి బెడ్ మీదే మొదలవుతుంది.